ఇంజెక్షన్ తీసేసి బైక్ కార్బురేటర్లా? ఈ వెనకడుగు వెనక ఉన్న ఇంజనీరింగు

ఎండాకాలంలో ఇంగ్లండులో ఎక్కడ కిట్ కార్ల ప్రదర్శన జరిగినా ఓసారి వెళ్లి చూడండి. బానెట్లు ఎత్తిపెట్టి, యజమానులు పక్కనే మడత కుర్చీల్లో కూర్చుని టీ తాగుతూ ఉంటారు. వాటిలో రెండు మూడు కార్లలోనైనా ఒక వింత కనిపిస్తుంది. 1990ల నాటి ఫోర్డ్ ఇంజను, నిక్షేపంలా కంప్యూటర్‌తో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజను. కానీ ఆ ఇంజెక్షన్ సరంజామా అంతా పీకేసి, దాని స్థానంలో ఏదో మోటార్‌సైకిల్ నుంచి తీసిన నాలుగు కార్బురేటర్లు బిగించి ఉంటాయి.

మనలాంటి వాళ్లకి చూడగానే వచ్చే ప్రశ్న ఒకటే. ప్రపంచమంతా కార్బురేటర్ వదిలేసి ఇంజెక్షన్‌కి వెళ్లింది కదా, వీళ్లేమిటి వెనక్కి నడుస్తున్నారు? మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800 కార్బురేటర్‌తోనే వచ్చింది. 2000 ప్రాంతానికి దాని వెనకాల ‘ఎంపీఎఫ్ఐ’ అన్న అక్షరాలు కనిపిస్తే అదో గొప్ప. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక మోటార్‌సైకిళ్లు కూడా చాలావరకు ఇంజెక్షన్‌కి మారిపోయాయి. అలాంటిది, ఉన్న ఇంజెక్షన్ తీసేయడమంటే గ్యాస్ స్టవ్ తీసేసి కట్టెల పొయ్యి పెట్టుకున్నట్టు లేదూ?

కొంత నిజమే, కొంత కాదు. ఇందులో ఇంజనీరింగు ఎంత, సరదా ఎంత, ప్రమాదం ఎంత అన్నది విడదీసి చూద్దాం. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ వాణ్ణి, చదివింది ఇంజనీరింగు. అందుకని మధ్యమధ్యలో మన ఆఫీసు భాష దొర్లుతుంది, సర్దుకుపోండి.

ఇంజెక్షన్ చేసే పని ఏమిటి?

పెట్రోలు ఇంజనుకి కావలసినవి మూడు: తగు పాళ్లలో గాలి-పెట్రోలు మిశ్రమం, దాన్ని నొక్కిపట్టే పిస్టను, సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ. ఈ పాళ్ల సంగతే అసలు కథ. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక కిలో పెట్రోలుకి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. గాలి ఎంత తేలికో తెలుసు కదా, లెక్కేస్తే ఒక లీటరు పెట్రోలు మండడానికి సుమారు 9,000 లీటర్ల గాలి పడుతుంది. అంటే ఇంజను ప్రధానంగా గాలి పీల్చే యంత్రం. పెట్రోలు అందులో పోపు గింజలంత.

మంచి శక్తి కావాలంటే మిశ్రమంలో పెట్రోలు కొంచెం ఎక్కువ ఉండాలి, 12.5 నుంచి 13 పాళ్ల దగ్గర. దీన్ని ‘రిచ్’ అంటారు. పెట్రోలు తక్కువైతే ‘లీన్’. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, చివరిదాకా వీటితోనే పని.

ఇంజెక్షన్ కారులో ఈసీయూ అనే చిన్న కంప్యూటరు ఈ పని చూస్తుంది. ఎంత గాలి వస్తోంది, ఇంజను ఎంత వేగంతో తిరుగుతోంది, నీళ్లు ఎంత వేడెక్కాయి అన్నవి సెన్సర్ల ద్వారా తెలుసుకుంటుంది. తన దగ్గరున్న పట్టికలో ఆ గడి వెతికి, ఇంజెక్టర్‌ని ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో నిర్ణయిస్తుంది. నిమిషానికి 6,000 తిరుగుళ్ల దగ్గర ఒక్కో సిలిండరు ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒకసారి గాలి పీలుస్తుంది. ఆ లోపలే ఇదంతా జరిగిపోవాలి. పైగా పొగగొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ “కాస్త ఎక్కువైంది”, “కాస్త తక్కువైంది” అని ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటే దాన్నిబట్టి సరిదిద్దుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇది ఫీడ్‌బ్యాక్ ఉన్న వ్యవస్థ.

కార్బురేటర్ అదే పనిని ఎలా చేస్తుంది?

కార్బురేటర్‌లో కంప్యూటరూ లేదు, సెన్సరూ లేదు. ఉన్నది భౌతికశాస్త్రమే. గొట్టం మధ్యలో సన్నబడితే అక్కడ గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది. ఈ సన్నని చోటుకే వెంచురి అని పేరు, ఇటలీ శాస్త్రవేత్త వెంచురి పేరు మీద. ఆ చోట చిన్న రంధ్రం పెట్టి, దాన్ని పెట్రోలు ఉన్న గిన్నెకి కలిపితే, బయటి వాతావరణ పీడనమే పెట్రోలుని పైకి తోసి గాలిలోకి చిమ్ముతుంది. గాలి ఎక్కువ వస్తే పెట్రోలూ ఎక్కువ వస్తుంది. ఆ రంధ్రం సైజుని నిర్ణయించే ఇత్తడి ముక్కే జెట్. కింద ఉన్న గిన్నెలో పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు ఒక తేలే బుడ్డి చూసుకుంటుంది, దాన్ని ఫ్లోట్ అంటారు. మన డాబా మీద నీళ్ల ట్యాంకులో ఉండే బంతి వాల్వ్ లాంటిదే.

బజాజ్ చేతక్‌ని ఓ పక్కకి వంచి, తిన్నగా నిలబెట్టి, ఆ తర్వాత కిక్ కొట్టిన తరం మనది. ఎందుకు వంచుతున్నామో అప్పుడు మనలో చాలామంది అడగలేదు. ఆ వంచడంలో ఉన్నది ఈ గిన్నె, ఈ పెట్రోలు మట్టమే.

కారు కార్బురేటర్ ఉండగా బైక్‌వే ఎందుకు?

ఇక్కడే అసలు చమత్కారం ఉంది. పాత రేసు కార్లలో వాడే వెబర్ లాంటి కార్బురేటర్లలో వెంచురి సైజు మారదు. పెద్దది పెడితే ఎక్కువ వేగంలో బాగుంటుంది కానీ నెమ్మదిగా పోయేటప్పుడు గాలి వేగం చాలక ఇంజను దగ్గుతుంది. చిన్నది పెడితే దానికి తిరగేసి జరుగుతుంది.

1990ల నాటి జపాన్ బైకుల కార్బురేటర్లు చాలావరకు ‘సీవీ’ రకం, అంటే గాలి వేగం దాదాపు స్థిరంగా ఉంచేవి. వీటిలో మనం యాక్సిలరేటర్ తొక్కితే ఒక పళ్లెంలాంటి తలుపు తెరుచుకుంటుంది, అంతే. వెంచురిని పెద్దది చేసేది మనం కాదు. దానికి అడ్డంగా ఉన్న స్లైడు ఒక రబ్బరు పొరకి వేలాడుతూ ఉంటుంది. ఇంజను ఎంత గట్టిగా పీలిస్తే అంత వాక్యూమ్ పుట్టి స్లైడు అంత పైకి లేస్తుంది. స్లైడు అడుగున మొన తేలిన సూది ఒకటి జెట్‌లో దూరి ఉంటుంది. స్లైడు లేచేకొద్దీ సూది సన్నటి భాగం జెట్‌లోకి వచ్చి, చుట్టూ ఖాళీ పెరిగి, పెట్రోలు ఎక్కువ వస్తుంది. ఈసీయూలో ఉన్న పట్టిక లాంటిదే ఇక్కడా ఉంది, కాకపోతే ఆ సూది వాలులో చెక్కి ఉంది! బ్రిటిష్ వాళ్లకి ఇది కొత్త కూడా కాదు. 1959లో వచ్చిన మినీ కారుకి బిగించిన ఎస్‌యూ కార్బురేటర్ సూత్రం ఇదే.

మరి బైక్ కార్బురేటర్ కారుకి సరిపోతుందా? ఒక లెక్క చూద్దాం. యమహా ఆర్1 మొదటి మోడళ్లు (1998 నుంచి 2001 దాకా) 40 మిల్లీమీటర్ల మికుని కార్బురేటర్లతో వచ్చాయి. 2002లో ఆ బైకు ఇంజెక్షన్‌కి మారింది. దాని ఇంజను 998 సీసీ, అంటే సిలిండరుకి సుమారు 250 సీసీ. నిమిషానికి 11,000 తిరుగుళ్ల దగ్గర, రెండు తిరుగుళ్లకి ఒకసారి పీలుస్తుంది కాబట్టి, ఒక్కో సిలిండరు నిమిషానికి దాదాపు 1,370 లీటర్ల గాలి పీలుస్తుంది. ఇక ఫోర్డ్ జెటెక్ రెండు లీటర్ల ఇంజను 1,988 సీసీ, సిలిండరుకి 497 సీసీ. అది తిరిగేది 6,500 దాకానే. ఇదే లెక్క వేస్తే ఒక్కో సిలిండరుకి సుమారు 1,615 లీటర్లు. సైజులో రెట్టింపు ఇంజను అయినా, నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి గాలి అవసరంలో తేడా 18 శాతమే! లీటరు బైకు కార్బురేటర్లు రెండు లీటర్ల కారుకి ఇంత చక్కగా ఎందుకు అతుకుతాయో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

ఇంకో కారణం డబ్బు. కొత్త వెబర్ జతకి గానీ, సిలిండరుకొకటి చొప్పున ఉండే థ్రాటిల్ బాడీల సెట్‌కి గానీ పెట్టే ఖర్చులో చిన్న భాగానికే పాత బైకులు విప్పి అమ్మే దుకాణాల్లో ఈ కార్బురేటర్లు దొరుకుతూ వచ్చాయి. 1996లో రాన్ ఛాంపియన్ రాసిన పుస్తకం 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని చెప్పి ఇక్కడి గరాజుల్లో ఓ చిన్న ఉద్యమమే లేపింది. లోటస్ సెవెన్ పోలికలో, ‘లోకాస్ట్’ పేరుతో పుట్టిన ఆ కార్ల వాళ్లకి తక్కువ ధరకి ఎక్కువ శక్తి కావాలి. బైక్ కార్బురేటర్లకి అంతకంటే మంచి గిరాకీ ఎక్కడ దొరుకుతుంది?

శక్తి ఎక్కడి నుంచి పెరుగుతుంది?

చాలామంది అనుకునేట్టు కార్బురేటర్ పెట్రోలుని ఏదో మాయ చెయ్యడం వల్ల కాదు. కంపెనీ ఇంజనులో నాలుగు సిలిండర్లూ ఒకే తలుపు గుండా, పొడుగాటి మెలికల గొట్టాల గుండా పీలుస్తాయి. ఆ అమరిక నిశ్శబ్దం కోసం, తక్కువ వేగంలో లాగుడు కోసం చేసింది. బైక్ కార్బురేటర్లు పెట్టినప్పుడు ఒక్కో సిలిండరుకి దాని సొంత తలుపు, పొట్టిగా తిన్నగా ఉన్న దారి దొరుకుతాయి. పై వేగాల్లో ఊపిరి బాగా ఆడుతుంది, యాక్సిలరేటర్‌కి ఇంజను వెంటనే పలుకుతుంది.

అంటే ఒప్పుకోవలసిన నిజం ఒకటుంది. అదే నాలుగు తలుపుల అమరికని ఇంజెక్షన్‌తో చేస్తే అంతే శక్తి వస్తుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది, చలిలో చక్కగా స్టార్ట్ అవుతుంది. కార్బురేటర్ గెలిచేది ధరలోనూ, సరళతలోనూ. “దీనివల్ల ఇన్ని గుర్రాలు పెరిగాయి” అని ఎవరు చెప్పినా రోలింగ్ రోడ్ మీద కొలిచిన కాగితం చూపించమనండి.

పని మొదలుపెడితే ఏమేం మార్చాలి?

మొదటిది మానిఫోల్డ్. బైకు సిలిండర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, కారువి దూరంగా. కార్బురేటర్ల మధ్య దూరం, ఇంజను రంధ్రాల మధ్య దూరం కలవవు. అందుకని గొట్టాలు కాస్త వంపు తిరిగిన మానిఫోల్డ్ అయినా చేయించాలి, లేదా కార్బురేటర్లని విడదీసి మధ్య కడ్డీలు పొడిగించాలి. ప్రముఖ ఇంజన్లకి తయారు మానిఫోల్డులు అమ్ముతారు. అన్ని ఇంజన్లకీ ఇది కుదరదు. పాత మినీ ఇంజన్లో నాలుగు సిలిండర్లకీ కలిపి రెండే ఇన్‌టేక్ రంధ్రాలు ఉంటాయి, అక్కడ నాలుగు కార్బురేటర్ల వరస పెట్టడానికి వీల్లేదు.

కార్బురేటర్‌ని మానిఫోల్డ్‌కి నేరుగా బోల్టు వేసి బిగించకూడదు, మధ్యలో రబ్బరు గొట్టం ఉండాలి. ఇంజను అదురు గిన్నెకి తగిలితే పెట్రోలు మజ్జిగలా నురగ కడుతుంది, మట్టం తప్పుతుంది. ఆ గొట్టం ఏ రకానిదన్నదీ ముఖ్యమే. మామూలు సిలికాన్ గొట్టం పెట్రోలుకి ఉబ్బి పాడైపోతుంది. పెట్రోలుని తట్టుకునే రకమే కొనాలి. కార్బురేటర్ బైకు మీద ఏ వాలులో ఉండేదో ఇక్కడా దాదాపు అదే వాలులో ఉండాలి, లేకపోతే ఫ్లోట్ లెక్క తప్పుతుంది.

రెండోది పెట్రోలు పీడనం. ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి దీన్ని శ్రద్ధగా చదవండి. ఇంజెక్షన్ పంపు సుమారు 3 బార్ పీడనంతో పెట్రోలు తోస్తుంది. కార్బురేటర్‌కి కావలసింది అందులో పదో వంతు కంటే తక్కువ. ఆ పాత పంపుని అలాగే తగిలిస్తే ఫ్లోట్ నడిపే చిన్న వాల్వ్ ఆపలేదు. గిన్నె పొంగి పెట్రోలు కారుతుంది. పక్కనే మండుతున్న పొగగొట్టం. ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి తక్కువ పీడనం పంపు, దానికొక రెగ్యులేటర్, మంచి ఫిల్టర్ తప్పనిసరి.

ఇందులోనే ఇంకో సూక్ష్మం ఉంది. ఇంజను ఆగిపోతే పంపుని ఆపేసే పని ఇంతకాలం ఈసీయూ చేస్తూ వచ్చింది. ఈసీయూ తీసేసి పంపుకి తాళంచెవి నుంచి నేరుగా కరెంటిస్తే, కారు గుద్దుకున్నా పంపు తోస్తూనే ఉంటుంది. దెబ్బ తగలగానే కరెంటు కోసే ఇనర్షియా స్విచ్ ఫోర్డ్ కార్లలో ముందే ఉంటుంది. దాన్ని పారేయకుండా కొత్త వైరింగులోనూ కలపాలి.

మూడోది నిప్పురవ్వ. ఇంజెక్షన్ తీసేస్తే ఈసీయూ పోతుంది, దాంతోపాటు ఇగ్నిషన్ కూడా పోతుంది, ఎందుకంటే రెండూ చూసేది ఒకే పెట్టె. కార్బురేటర్ పెట్రోలు ఇస్తుంది గానీ రవ్వ ఎప్పుడు వెయ్యాలో దానికి తెలియదు. అందుకని విడిగా ఒక ఇగ్నిషన్ కంప్యూటర్ పెట్టాలి. ఫోర్డ్ ఇంజన్లలో క్రాంక్ చక్రానికి 36 పళ్ల జాగాలో ఒకటి తీసేసి 35 ఉంచారు. ఆ ఖాళీని చూసి క్రాంక్ ఎక్కడుందో సెన్సర్ పట్టేస్తుంది. ఫోర్డ్ వాళ్లదే ఈడీఐఎస్ అనే మాడ్యూల్, దానికి తోడు మెగాజోల్ట్ లాంటి చిన్న కంట్రోలర్ కలిపి ఈ పని చేయించుకుంటారు. అందులో పట్టిక మీరే ల్యాప్‌టాప్‌తో నింపాలి. కార్బురేటర్ కోసం మొదలుపెట్టినా కంప్యూటర్ మనల్ని వదలదన్నమాట!

ఇంజను మీద ఎంత బరువు పడుతోందో ఆ కంట్రోలర్‌కి తెలియాలి. నాలుగు విడి తలుపుల వల్ల వాక్యూమ్ ఎగుడుదిగుడుగా వస్తుంది కాబట్టి, నాలుగు గొట్టాల నుంచీ సన్నటి పైపులు తీసి ఒక చిన్న డబ్బాలో కలిపి అక్కడ కొలుస్తారు. లేదా యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందన్నది చూస్తారు. ఆర్1 కార్బురేటర్లకి ఆ సెన్సర్ కంపెనీ బిగించిందే ఉంటుంది, అది కలిసొచ్చే విషయం.

నాలుగోది బ్రేకు. మీ కారులో బ్రేకు పెడల్ తేలిగ్గా ఉండేది ఇంజను వాక్యూమ్ సాయంతో. మానిఫోల్డ్ మార్చినప్పుడు ఆ పైపుకి సరైన చోటు ఇచ్చి, మధ్యలో ఒకవైపే పీల్చే వాల్వ్ పెట్టాలి. ఇది మర్చిపోతే కారు పోతుంది గానీ ఆగదు.

అయిదోది యాక్సిలరేటర్ తీగ. బైకు మీద చెయ్యి తిప్పే దూరం వేరు, కారులో కాలు తొక్కే దూరం వేరు. పెడల్ చివరిదాకా తొక్కితే తలుపు సరిగ్గా పూర్తిగా తెరుచుకోవాలి, తీగ మీద ఒత్తిడి పడకూడదు. వదలగానే మూసేసే గట్టి స్ప్రింగులు ఉండాలి. తెరుచుకుని ఇరుక్కుపోయిన థ్రాటిల్ కంటే భయంకరమైనది కారులో ఇంకొకటి లేదు.

వీటన్నిటికీ ఒక క్రమం ఉంది. ముందు పాత ఇంజెక్షన్ ఉండగానే కొత్త ఇగ్నిషన్ బిగించి, ఇంజను చక్కగా నడుస్తోందని నిర్ధారించుకుని, ఆ తర్వాత కార్బురేటర్ల జోలికి పోవడం తెలివైన పని. రెండూ ఒకేసారి మారిస్తే, స్టార్ట్ కాని రోజున తప్పు రవ్వదా పెట్రోలుదా అని తల పట్టుకోవాలి. ఒకే రిలీజులో రెండు పెద్ద మార్పులు పెట్టకూడదని మనకి వేరే చెప్పాలా?

జెట్లు, సూదులు: ట్యూనింగ్

ఒక్కో కార్బురేటర్‌లో మూడు దారులు ఉంటాయి. యాక్సిలరేటర్ ముట్టకుండా, లేదా కొద్దిగా తొక్కినప్పుడు పైలట్ జెట్ పని చేస్తుంది. మధ్యలో సూది, దాని చుట్టూ ఉన్న జెట్. పూర్తిగా తొక్కినప్పుడు మెయిన్ జెట్. ఏ భాగంలో తప్పు ఉందో తెలిస్తే ఏ ముక్క మార్చాలో తెలుస్తుంది.

జెట్ మీద ఉన్న అంకెతో జాగ్రత్త. రంధ్రం వ్యాసం 1.30 నుంచి 1.50 మిల్లీమీటర్లకి పెరిగితే వినడానికి కొంచెమే. వైశాల్యం మాత్రం 33 శాతం పెరుగుతుంది. మికుని అంకె, కైహిన్ అంకె ఒకే కొలమానం కాదు, ఒకదాని అనుభవం ఇంకోదానికి పనికిరాదు. ఇంకో వ్యక్తి ఇదే ఇంజనుకి ఇదే జెట్ వేశాడని విని అదే వేసేసి ఊరుకోకూడదు. మానిఫోల్డ్ పొడుగు, గాలి ఫిల్టర్, పొగగొట్టం, అన్నీ లెక్కలోకి వస్తాయి.

అందుకని పొగగొట్టంలో వైడ్‌బ్యాండ్ లామ్డా సెన్సర్ పెట్టి, మిశ్రమం పాళ్లని కళ్లారా చూస్తూ ట్యూన్ చెయ్యాలి. ముందు రిచ్ వైపు మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి, తిరగేసి కాదు. రిచ్ అయితే నల్లటి పొగ, ప్లగ్గులకి మసి, పెట్రోలు దండగ. ఎక్కువకాలం అలాగే నడిపితే పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలు కడిగేసి అరుగుదల తెస్తుంది. లీన్ అయితే మాత్రం పూర్తి బరువు మీద వేడి పెరిగి, మిశ్రమం తనంతట తనే పేలి, పిస్టనుకి చిల్లు పడేదాకా పోతుంది. కంపెనీ ఇంజన్లో ఆ పేలుడుని పట్టే సెన్సర్ ఉంటే, దాన్ని కూడా మీరు ఈసీయూతోపాటే తీసేసి ఉంటారు.

నాలుగు కార్బురేటర్లూ సమానంగా తెరుచుకునేట్టు వాక్యూమ్ గేజులు పెట్టి సరిచెయ్యాలి. ఒకసారికి ఒకే మార్పు, ప్రతి మార్పూ నోట్‌బుక్కులో. ఈ క్రమశిక్షణ ఉన్నవాళ్లకి వారాంతాలు కొన్ని పడతాయి, లేనివాళ్లకి ఏళ్లు పడతాయి.

బైకు వంగుతుంది, కారు వంగదు

చాలామంది ఆలోచించని విషయం ఒకటి. మలుపులో బైకు పక్కకి వాలుతుంది కాబట్టి, గిన్నెలోని పెట్రోలుకి బలం ఎప్పుడూ అడుగువైపే ఉన్నట్టు అనిపిస్తుంది, మట్టం కదలదు. కారు వాలదు. మలుపులో గురుత్వాకర్షణలో సగం బలం పక్కకి లాగితే, గిన్నెలో పెట్రోలు ఉపరితలం సుమారు 27 డిగ్రీలు ఒరుగుతుంది. చేతిలో సాంబారు గిన్నె పట్టుకుని కారులో కూర్చున్నవాళ్లకి ఇది వివరించనక్కర్లేదు. మామూలు రోడ్ల మీద పర్వాలేదు గానీ, ట్రాక్ మీద పొడుగాటి మలుపుల్లో ఇంజనుకి పెట్రోలు అందక ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టు అవ్వచ్చు.

రెండోది పెట్రోలు మారడం. ఇక్కడ బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఇ10, అంటే 10 శాతం దాకా ఇథనాల్ కలిపినది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది, అందుకని అదే గాలికి పెట్రోలు కొంచెం ఎక్కువ కావాలి. ఇంజెక్షన్ కారులో సెన్సర్ పసిగట్టి సరిచేస్తుంది. కార్బురేటర్‌కి ఆ సంగతి తెలియదు. ఇ5 మీద సరిచేసిన జెట్లు ఇ10 మీద దాదాపు 2 శాతం లీన్ అవుతాయి. పైగా పాత కార్బురేటర్ల రబ్బరు ముక్కల్ని ఇథనాల్ తినేస్తుంది. అందుకే ఇలాంటి కార్లవాళ్లు ఖరీదైన సూపర్ పెట్రోలు దగ్గరే ఆగుతారు.

మూడోది చలి. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చల్లబరుస్తుంది. ఇక్కడి తడి చలికాలంలో కార్బురేటర్ గొంతులో మంచు పేరుకుని ఇంజను తడబడుతుంది. కొన్ని బైకుల్లో కార్బురేటర్‌కి వేడినీళ్ల పైపు ఉండేది అందుకే.

చట్టం ఏమంటుంది?

మన చేతిలో స్పానర్ ఉన్నంత మాత్రాన ఏ కారుకైనా ఇది చెయ్యచ్చని కాదు. బ్రిటన్‌లో 1995 ఆగస్టు తర్వాత రిజిస్టరైన మామూలు పెట్రోలు కార్లు ఏటా ఎంఓటీలో కెటలిటిక్ కన్వర్టర్ పరీక్ష పాసవ్వాలి. అందులో లామ్డా 0.97 నుంచి 1.03 మధ్యే ఉండాలి. సెన్సర్ సాయం లేని కార్బురేటర్‌తో అంత సన్నటి గీత మీద నడవడం ఆచరణలో అసాధ్యం. కన్వర్టర్ పీకేస్తే అదే కారణంతో ఫెయిల్.

పాత కార్ల సంగతి వేరు. 1975 ఆగస్టు నుంచి 1986 జులై మధ్య వచ్చినవాటికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాకా అనుమతి ఉంది, 1986 ఆగస్టు నుంచి 1992 జులై దాకా వచ్చినవాటికి 3.5 శాతం. పాత కారులో కొత్త ఇంజను పెడితే, ఆ రెండింటిలో ఏది పాతదో దాని ప్రకారమే పరీక్ష. 1978 నాటి ఫోర్డ్ ఎస్కార్ట్‌లో జెటెక్ పెట్టి బైక్ కార్బురేటర్లు బిగించేవాళ్ల ధైర్యానికి ఆధారం ఇదే. కొత్తగా కట్టిన కిట్ కారైతే 2009 నుంచి ఐవీఏ అనే పరీక్ష దాటాలి.

ఇంకా ముఖ్యమైనది ఇన్సూరెన్స్. ఇలాంటి మార్పు కంపెనీకి చెప్పి తీరాలి. చెప్పకపోతే క్లెయిమ్ తిరస్కరించే హక్కు, పాలసీ రద్దు చేసే హక్కు వాళ్లకి ఉంటుంది. పాలసీ లేకుండా నడిపితే లైసెన్సు మీద 6 నుంచి 8 పెనాల్టీ పాయింట్లు. మనవాళ్లు చాలామంది ఇక్కడికొచ్చిన ఏడాదిలో భారతీయ లైసెన్సు చెల్లకుండా పోయి, కొత్తగా ఇక్కడి టెస్టు పాసవుతారు. టెస్టు పాసైన మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు వస్తే లైసెన్సే రద్దు, మళ్లీ ఎల్ బోర్డు నుంచి మొదలు. ఉద్యోగానికి రోజూ మోటార్‌వే ఎక్కాల్సినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇండియా వెళ్లాక అక్కడ చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. తయారీదారు ఇచ్చిన ప్రాథమిక స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. హైదరాబాదు రోడ్ల మీద ఈ సరదా కుదరదు.

మరి చెయ్యాలా, వద్దా?

ఇంటిల్లిపాదీ ఎక్కే కారు, పిల్లల్ని బడికి దింపే కారు అయితే వద్దు. ఖర్చు మిగలదు, మైలేజీ తగ్గుతుంది, చట్టం ఒప్పుకోదు. ఇంజెక్షన్‌లో ఏదో చిన్న రోగం వచ్చింది, దాన్ని బాగుచేయించే బదులు ఇది చేద్దాం అనుకుంటే అసలే వద్దు. ఆ సెన్సర్ మార్చడం దీనికంటే చవక.

విడిగా ఒక పాత కారో కిట్ కారో ఉండి, తగిన గరాజు ఉండి, వారాంతాల్లో చేతులకి గ్రీజు అంటుకోవడం ఇష్టమైతే మాత్రం ఇంత చక్కగా నేర్పే పని ఇంకొకటి దొరకదు. మనం రోజంతా రాసే కోడు ఎక్కడ నడుస్తుందో మనకే కనపడదు. ఇక్కడ సూదిని ఒక్క గాడి పైకి జరిపితే ఇంజను గొంతు మారడం చెవులకి వినిపిస్తుంది. పట్టికలు, ఫీడ్‌బ్యాక్, ఒక మార్పుకి ఒక పరీక్ష, ఇవన్నీ మనకి తెలిసినవే. అవి ఇత్తడిలోనూ రబ్బరులోనూ ఎలా ఉంటాయో చూడటమే కొత్త.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజున పక్కన ఇంకో మనిషిని ఉంచుకోండి, పెట్రోలు మంటలకి పనికొచ్చే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేలా పెట్టుకోండి. తాళం తిప్పాక ఇంజను వంక కాదు, ముందు ఆ నాలుగు గిన్నెల కింద తడి ఉందేమో చూడండి. అక్కడ పొడిగా ఉంటే, అప్పుడు తీరిగ్గా ఆ చప్పుడు వినండి.